ఒక్కరే సాధన చేస్తుంటే క్లే ఎవరు విసరాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

షాట్‌గన్ షూటింగ్ గురించి ఈ శీర్షికకి ఉత్తరాలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. ఈసారి గోదావరి జిల్లాల నుంచి వచ్చినవి మాత్రం దాదాపు అన్నీ ఒకటే అడిగాయి: పక్కన తోడు ఎవరూ లేకుండా సాధన చేసుకోవాలంటే క్లే విసిరే మెషీన్ ఏది కొనాలి అని. అందుకని మొదటి ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే ఇస్తున్నాను, మిగతావాటికి అవసరమైనంత వరకే. ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. క్లే అంటే సున్నపురాయి పొడినీ, తారులాంటి పిచ్‌నీ కలిపి అచ్చుపోసిన చిన్న పళ్లెం. అంతర్జాతీయ పోటీల్లో దాని అడ్డుకొలత 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు. మెషీన్ దాన్ని గాల్లోకి విసురుతుంది, షూటర్ ఎగురుతుండగానే పగలగొట్టాలి. ముందుకి, అటూ ఇటూ కోణాల్లో దూరంగా పారిపోయే క్లేని కొట్టేది ట్రాప్. ఎడమా కుడీ మెషీన్లు పెట్టిన రెండు గూళ్ల నుంచి అడ్డంగా వచ్చేవాటిని కొట్టేది స్కీట్.

ప్రశ్న: నమస్కారమండీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారి పన్నెండు బోరు రెండు గొట్టాల తుపాకీ ఇప్పుడు నా పేరు మీద లైసెన్సుతో ఉంది. హైదరాబాద్ వెళ్లి రేంజ్‌లో ట్రాప్ నేర్చుకుంటున్నాను గానీ వ్యవసాయం పనులతో నెలకోసారికి మించి కుదరడం లేదండి. మా కొబ్బరి తోట వెనకాల నాలుగెకరాల చేను ఉంది. మెషీన్ కొనుక్కుని అక్కడే ఒక్కణ్ణే సాధన చేద్దామని ఆలోచన. కాలితో తొక్కితే విసిరే స్ప్రింగుది ఒకటి, 12 వోల్టుల బ్యాటరీతో నడిచే 50 క్లేలది ఒకటి, 200 క్లేలు పట్టే పెద్దది ఒకటి చూశాను, పెద్దదానికి రిమోట్ కూడా ఇస్తున్నారు. ఏది తీసుకోమంటారు? వచ్చే ఏడాది రాష్ట్ర పోటీలకి దిగాలని ఉంది, అందుకే టెన్షన్ పడుతున్నానండి.
పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది మెషీన్ గురించే అయినా, ఉత్తరంలో ఇంకో ప్రశ్న దాగి ఉంది, దానికే ముందు జవాబు చెప్తాను. ఆ నాలుగెకరాల్లో తూటా పేల్చకండి. క్లేలు కొట్టే తూటాలోంచి వచ్చే సన్న గుళ్లు మనిషికి ప్రమాదం లేనంత దూరంలో పడిపోతాయని చాలామంది అనుకుంటారు గానీ, రేంజ్‌లు కట్టేవాళ్లు షూటర్ ముందు సుమారు 275 మీటర్ల మేర ఎవరూ తిరగని జాగా వదులుతారు. క్లే అటూ ఇటూ పోతుంది కాబట్టి ఆ దూరాన్ని 90 డిగ్రీల విసనకర్రలాగా పరిచి లెక్కేస్తే దగ్గర దగ్గర 15 ఎకరాలు వస్తుంది. పాలకొల్లు చుట్టుపక్కల గట్టు మీద ఒక్క మనిషి, చేలో ఒక్క కూలీ, కాలవలో ఒక్క పడవ లేని 15 ఎకరాలు ఒకే చెక్కగా ఎక్కడ దొరుకుతాయి? మన డెల్టాలో ఇల్లు విసిరేసినట్టు దూరంగా ఉండదు, తోట దాటితే చెరువు, చెరువు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే మళ్లీ ఇళ్లే.

చట్టం సంగతి కూడా ఉంది. షూటింగ్ రేంజ్ నడపాలన్నా, రైఫిల్ క్లబ్ పెట్టాలన్నా 2016 ఆయుధ నిబంధనల కింద విడిగా లైసెన్సు కావాలి. మీ చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన మీ చేను రేంజ్ అయిపోదు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు, ఇతరుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా కాల్చినా, వేడుకల్లో కాల్చినా రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని స్పష్టంగా రాశారు. మీరు వేడుకకి కాల్చడం లేదు, నిజమే, కానీ పొరుగు చేలో నాట్లు వేసే మనిషి వీపు మీద నాలుగు గుళ్లు పడితే మీ సాధన మాట ఎవరు వింటారండి? మీ లైసెన్సు షరతులు ఒకసారి తీసి చదవండి, అది ఏ అవసరానికి ఇచ్చారో, ఏడాదికి ఎన్ని తూటాలు కొనుక్కోవచ్చో అందులోనే ఉంటుంది. ఆ తూటాల పరిమితి చూసుకున్నాక సాధన ఎలా చేయాలన్న ఆలోచనే మారిపోతుంది. ఒక రౌండు అంటే 25 క్లేలు, అర్హత పోటీ మొత్తం 125. ట్రాప్ అర్హత రౌండ్లలో ఒక్కో క్లేకి రెండు తూటాలు పేల్చనిస్తారు కూడా. ఇంటి దగ్గర రోజూ పేల్చుకుంటూ కూర్చుంటే పోటీకి వెళ్లేనాటికి మిగిలేవి ఎన్ని?

అలాగని మెషీన్ దండగ అనడం లేదు, మీలాంటివాళ్లకి అది చాలా పనికొస్తుంది, రెండు చోట్ల. ఒకటి, లైసెన్సు ఉన్న క్లబ్ మైదానంలో, అక్కడి వాళ్ల అనుమతితో, రద్దీ లేని పూట మీ మెషీన్ మీరే పెట్టుకుని సాధన చేయడానికి. రెండోది మీ చేలోనే, తూటా లేకుండా. ఈ రెండోదాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. ట్రాప్‌లో పగిలే క్లేలన్నీ వేలు ట్రిగ్గర్ మీద పడకముందే, కన్ను ఎంత త్వరగా పట్టుకుంది, నడుము ఎలా తిరిగింది, చెంప బట్టు (తుపాకీ వెనక భుజానికి ఆనించే భాగం) మీదనుంచి లేచిందా లేదా అన్న మూడింటి మీదే తేలిపోతాయి. ఈ మూడూ తూటా ఖర్చు లేకుండా నేర్చుకునేవే. మీ తుపాకీ కొలతలతో, అదే పొడవుతో, దాదాపు అదే బరువుతో మీ ఊరి వడ్రంగి చేత ఒక కర్ర తుపాకీ చేయించుకోండి, ముందువైపు బరువు చాలకపోతే లోపల ఇనప కడ్డీ దిగేయమనండి. అసలు తుపాకీ ఖాళీగానే ఉందని మీకు తెలుసు, గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయే పిల్లాడికి తెలీదు. అందుకే చేలోకి అసలుది తేవద్దు.

నాలుగెకరాలు చదరంగా ఉంటే ఒక్కో పక్క 127 మీటర్లు వస్తుంది. పోటీ ట్రాప్ క్లే 76 మీటర్లు ఎగురుతుంది, స్కీట్‌ది 68. స్ప్రింగు కొంచెం వదులు చేసి 60 మీటర్ల దగ్గర పడేలా పెట్టుకుంటే మీ సరిహద్దు లోపలే పడతాయి. దాళ్వా కోసిన తర్వాత నేల గట్టిపడి నెరెలిస్తుంది, క్లే పడగానే ముక్కలవుతుంది. అదే సార్వా కోతల తర్వాత, ఇంకా చెమ్మ ఉండి మోళ్లు మెత్తగా ఉన్నప్పుడైతే చాలా క్లేలు పగలకుండానే దొరుకుతాయి, ఏరుకుని మళ్లీ వాడుకోవచ్చు. పగిలిన ముక్కలు మాత్రం ఆ సాయంత్రమే ఏరేయండి. అందులోని పిచ్ పందులకి విషం, గొడ్లు కూడా ఆ చేలో మేతకి దిగుతాయి. ఇంకో మాట, 105 గ్రాముల గట్టి పళ్లెం గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే తల పగులుతుంది. తూటా లేదు కదా అని క్లే వెళ్లే వైపు మనిషిని నిలబెట్టకండి.

ఇక మెషీన్ ఎంపిక. దుకాణంవాళ్లు ఎంత దూరం విసురుతుంది, ఎన్ని క్లేలు పడతాయి, ఎన్ని సెకన్లకి మళ్లీ సిద్ధమవుతుంది అన్న మూడు అంకెలు చూపిస్తారు. ఒంటరిగా సాధన చేసేవాడికి ఈ మూడింటికన్నా ముందు చూడాల్సింది వేరే ఉంది: మీరు రెండు చేతులా తుపాకీ పట్టుకుని నిలబడ్డప్పుడు క్లేని వదిలేది ఎవరు? తోడు ఉంటే మీరు అరుస్తారు, అతను బటన్ నొక్కుతాడు. తోడు లేనప్పుడు ఆ పని మీ శరీరంలో ఏదో ఒక భాగం చేయాలి, ఆ భాగం చేసే పని మీ నిలకడని చెడగొట్టకూడదు. ట్రాప్‌లో తుపాకీ ముందే భుజానికి ఎక్కించి, చెంప ఆనించి, అప్పుడు క్లే వదలమని పిలుస్తాం. చేతి రిమోట్ అయితే ఎడమ బొటనవేలితో నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ ముందు చెయ్యి కొంచెం బిగుస్తుంది, గొట్టం వణుకుతుంది. కొంతమంది రిమోట్‌ని తుపాకీకే టేపుతో కట్టేస్తారు, అదింకా చెడ్డ అలవాటు, ఎందుకంటే రేంజ్‌లో ఆ బటన్ ఉండదు, వేలు మాత్రం దానికోసం వెతుకుతూనే ఉంటుంది.

కాలి పెడల్ చవక, పాడయ్యేది తక్కువ. కుడిచేతివాటం షూటర్ బరువు ఎడమ కాలి మీద ఉంటుంది కాబట్టి పెడల్ కుడి పాదం కింద పెట్టుకోవాలి. అయినా తొక్కే క్షణంలో బరువు వెనక్కి జారుతుంది, వెనక్కి జారితే గొట్టం పైకి లేస్తుంది, పైకి లేస్తే క్లే కిందుగా వెళ్లిపోతుంది. పెడల్‌తో మొదలుపెట్టొచ్చు, పోటీకి తయారయ్యేవాళ్లు దాన్నే పట్టుకుని ఉండకూడదు. అన్నింటికన్నా మంచిది గొంతుకి స్పందించేది. ముందు స్టాండు మీద చిన్న మైకు ఉంటుంది, మీరు పిలిచిన వెంటనే క్లే వస్తుంది, పెద్ద రేంజ్‌లలో ట్రాప్‌కి వాడేది ఇదే పద్ధతి. నలుగురు కాల్చే చోట పక్కవాడి చప్పుడుకి కూడా క్లే వదిలేస్తుందని దీని మీద ఫిర్యాదు ఉంది గానీ, ఒక్కరే ఉన్నప్పుడు ఆ గొడవే లేదు. మన ఊళ్లలో కాకి అరుపో, ట్రాక్టర్ మోతో దాన్ని కదిలించకుండా సున్నితత్వం తగ్గించుకునే మర ఉందో లేదో చూసుకోండి.

కొన్ని రిమోట్‌లలో ఆలస్యం పెట్టుకునే వీలు ఉంటుంది, నొక్కిన తర్వాత ఇన్ని సెకన్లకి క్లే వస్తుందని. ఆ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే కొనకండి. మనసు లోలోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది, క్లే కనపడకముందే గొట్టం కదులుతుంది, ఆ రోగం వదలాలంటే చాలా కష్టం. ప్రతిసారీ మారిపోయే ఆలస్యం అయితే మంచిదే. అంతర్జాతీయ స్కీట్‌లో పిలిచిన తర్వాత సున్నా నుంచి మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా క్లే రావచ్చు, స్కీట్ వాళ్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. ట్రాప్‌లో పిలవగానే వస్తుంది, మీకు గొంతు పద్ధతే కావాలి.

తర్వాత చూడాల్సింది కోణం. మెషీన్ పెట్టిందీ మీరే, కాల్చేదీ మీరే అయితే క్లే ఎటు పోతుందో మీకు ముందే తెలిసిపోతుంది, తెలిసిన క్లేని కొట్టడం సాధన కాదు. ఒలింపిక్ ట్రాప్ గుంటలో 15 మెషీన్లు ఉంటాయి, మధ్య నుంచి అటూ ఇటూ 45 డిగ్రీల దాకా క్లేలు పోతాయి. ఒక్క మెషీన్‌తో అదంతా రాదు. అయినా తనంతట తాను ఎడమకీ కుడికీ ఊగుతూ విసిరేది తీసుకుంటే సగం సమస్య తీరుతుంది. ఎత్తు కూడా మార్చుకుంటూ ఊగేవి ఉన్నాయి, బరువూ ధరా బాగా పెరుగుతాయి. దానికి బదులు మీరు నిలబడే చోటు మార్చండి: మెషీన్ వెనక 15 మీటర్ల దూరంలో పక్కపక్కనే అయిదు గుర్తులు పెట్టుకుని, ప్రతి క్లేకీ ఒక గుర్తు జరగండి, రేంజ్‌లో జరిగేదీ అదే కదా.

సంఖ్యల విషయం తొందరగా చెప్పేస్తాను. 50 క్లేలు పట్టేది మీకు చాలు, అంటే రెండు రౌండ్లు, ఆ తర్వాత ఎలాగూ విశ్రాంతి కావాలి. 200 క్లేల బరువే 21 కిలోలు, మెషీన్ బరువు వేరే, వర్షాకాలంలో జారే గట్టు మీద దాన్ని ఒక్కరే తోసుకెళ్లడం కష్టం. రెండు సెకన్లలో మళ్లీ సిద్ధమవుతుందన్న గొప్ప కోసం డబ్బు పెట్టకండి, ఒక్కో క్లే కొట్టేవాళ్లకి ఊపిరి తీసుకుని తుపాకీ సర్దుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. దూరం 76 అందుకోకపోయినా 60 దాటితే ఫర్వాలేదు. స్ప్రింగు చేత్తో బిగించేదైతే ప్రతి క్లేకీ 15 మీటర్లు నడిచి వెళ్లి, బిగించి, క్లే పెట్టి, వెనక్కి రావాలి, 25 క్లేలకి పొద్దు గూకుతుంది. బ్యాటరీకి కారుదో ట్రాక్టర్‌దో 12 వోల్టులది పనిచేస్తుంది. తరచూ బాగా వాడి మళ్లీ ఛార్జింగ్ పెట్టేటట్టయితే ఇన్వర్టర్‌కి వాడే రకం ఎక్కువ కాలం వస్తుంది.

అంటే మీరు చూసిన మూడింట్లో మధ్యదే, 50 క్లేలది. ఊగే ఏర్పాటు, గొంతు మైకు తగిలించుకునే సాకెట్ ఉంటేనే తీసుకోండి. లేకపోతే ఆ రెండూ ఉన్నది దొరికేదాకా ఆగండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం అక్షరం వదలకుండా చదవండి. ఈ మెషీన్ తుపాకీ కాదు, దీనికి లైసెన్సు అక్కర్లేదు, అందుకే జనం దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. బిగిసి ఉన్న స్ప్రింగు మీద ఇనప చెయ్యి ఆగి ఉంటుంది, స్విచ్ ఆపేసినా ఆ బిగువు పోదు. ముంజేతికి తగిలితే ఎముక విరుగుతుంది. తోడు ఉన్నప్పుడు రిమోట్ వాళ్ల దగ్గర ఉంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు రిమోట్ మీ జేబులోనే ఉంటుంది, క్లేలు నింపడానికి వంగినప్పుడు ఆ జేబే నొక్కుకుంటుంది. గొంతు మైకు అయితే మీరు ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడినా చాలు. కాబట్టి వరస ఇది: రేంజ్‌లో అయితే ముందు తుపాకీని మధ్యలో మడిచి తెరిచి, తూటాలు తీసి, స్టాండులో పెట్టాలి. తర్వాత రిమోట్‌నో మైకునో ఆపేయాలి. మెషీన్ దగ్గరికి వెనకవైపు నుంచి వెళ్లాలి, ఆ చెయ్యి తిరిగే గిరికి బయటే ఉండాలి. మెషీన్ మీదున్న మీటతో బిగువు వదిలించాలి, కొన్నింట్లో ఆ సమయానికి చేతి మీద ఉన్న క్లే కూడా ఎగిరిపోతుంది, అటు ఎవరూ లేరని చూసుకున్నాకే వదలాలి. అప్పుడు బ్యాటరీ తీగ ఊడదీసి క్లేలు నింపండి. బిగువు వదిలించే మీట లేని మెషీన్‌ని ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. ఒంటరి సాధన అన్నారు కదా, ఇంట్లోవాళ్లకి ఎక్కడున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పి వెళ్లండి, పిలిస్తే పలికేంత దూరంలో ఒక మనిషి ఉండడం వల్ల మీ ఏకాగ్రత ఏమీ పోదు.

ప్రశ్న: అయ్యా, మాకు ఉండి దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. నీటికాకులు, కొంగలు దిగి నష్టం చేస్తున్నాయి. మా తమ్ముడు క్లే షూటింగ్ నేర్చుకుంటున్నాడు. చెరువు గట్టు మీద మెషీన్ పెట్టి రోజూ కాలిస్తే వాడికి సాధనా అవుతుంది, ఆ చప్పుడుకి పక్షులూ పోతాయి కదా, రెండు పనులూ ఒకేసారి అవుతాయని మా ఆలోచన.
ఉండి నుంచి ఒక రైతు

జవాబు: వద్దండి, రెండు పనులూ చెడతాయి. క్లే తూటాలో 24 గ్రాముల గుళ్లు ఉంటాయి, మామూలుగా అవి సీసం. నాలుగు రౌండ్లు, అంటే 100 తూటాలు కాలిస్తే 2 కిలోల 400 గ్రాముల సీసం మీ చెరువులోనో, పక్కవాళ్ల చెరువులోనో, కాలవలోనో పడుతుంది. అది కరిగి కనపడకుండా పోయేది కాదు, అడుగు బురదలో ఏళ్ల తరబడి ఉంటుంది. బాతు జాతి పక్షులు మేత అరగడానికి చిన్న రాళ్లు మింగుతాయి, ఆ రాళ్లనుకుని సీసం గుళ్లూ మింగి విషమెక్కి చనిపోతాయి. ప్రపంచంలో చాలా దేశాలు చిత్తడి నేలల్లో సీసం గుళ్లు నిషేధించింది ఇందుకే. మీకు కొల్లేరు ఎంతో దూరం లేదు, 1999 నుంచి అది అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. మీ గట్టు మీద దిగే పక్షులు అక్కడివే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని కాపాడుతోంది, క్లేకి గురిపెట్టానని చెప్పినా కొంగ కింద పడితే కేసు మీ తమ్ముడి మీదే.

పైగా చప్పుడుకి పక్షులు పోవడం కొన్నాళ్ల ముచ్చటే, తమకేమీ కావడం లేదని తెలిశాక అలవాటు పడిపోతాయి. చెరువు మీద వలో, తీగలో కట్టించుకోండి. తమ్ముడి సాధనకి పై జవాబులో చెప్పిన దారి ఉంది. క్లేలు చెరువు వైపు మాత్రం విసరనివ్వద్దు, పిచ్ ముక్కలు రొయ్యలు పెంచే నీళ్లలో పడాల్సిన వస్తువు కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లండి, రావులపాలెంలో ఇంటర్ చదువుతోంది. సెలవుల్లో హైదరాబాద్‌లో మా అన్నయ్యగారింట్లో ఉండి స్కీట్ నేర్చుకుంటోంది. కోచ్ గారు బాగా ఆడుతోందన్నారు. ఇంటి దగ్గర ఒక్కతే సాధన చేసుకోవడానికి మెషీన్ కొనివ్వమంటోంది. కొనమంటారా? లైసెన్సు సంగతేంటి?
రావులపాలెం నుంచి ఒక అమ్మ

జవాబు: లైసెన్సు ముందు. సొంత పేరు మీద తుపాకీ లైసెన్సుకి 21 ఏళ్లు నిండాలమ్మా. అంతకన్నా చిన్నవాళ్లు శిక్షణ కోసం, నిబంధనల ప్రకారం, పెద్దల పర్యవేక్షణలో రేంజ్‌లో కాల్చవచ్చు, ఇప్పుడు మీ అమ్మాయి చేస్తున్నదీ అదే. పోటీలకి వెళ్లాలంటే నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కి అనుబంధంగా ఉన్న రాష్ట్ర సంఘం ద్వారా పేరు నమోదు చేయించాలి, ఆ దారి కోచ్ గారికి తెలుస్తుంది, ఆయన్నే అడగండి.

మెషీన్ ఇప్పుడే వద్దు. ట్రాప్‌కీ స్కీట్‌కీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. స్కీట్‌లో క్లే కనపడేదాకా బట్టు నడుము దగ్గరే ఉండాలి, కనపడ్డాక ఒక్క కదలికలో భుజానికి రావాలి. ఎత్తు గూటి నుంచి క్లే సుమారు 3 మీటర్ల ఎత్తులో, పల్లపు గూటి నుంచి మీటరు ఎత్తులో బయటికి వస్తుంది, రెండూ ఒకేసారి వచ్చే జోడీలు కూడా ఉంటాయి. వీటిని ఇంటి దగ్గర ఒక్క మెషీన్‌తో చూపించలేం, రెండు కొనాలి, రెండింటికీ ఎత్తులు కట్టాలి. అంత ఖర్చు ఈ వయసులో ఎందుకు? ఆ డబ్బుని రేంజ్‌లో ఎక్కువ రోజులు ఉండడానికి పెట్టండి.

ఇంటి దగ్గర చేయదగ్గది బట్టు భుజానికి తెచ్చే సాధన. గదిలో గోడ మీద, పైన, మూల నుంచి మూలకి ఒక దారం అడ్డంగా కట్టండి. కర్ర తుపాకీ నడుము దగ్గర పెట్టుకుని, మీరో, వాళ్ల తమ్ముడో చెల్లో ఎప్పుడు చప్పట్లు కొడతారో తెలియకుండా నిలబడి, చప్పుడు రాగానే భుజానికి తెస్తూ గొట్టం మొనని ఆ దారం వెంట నడపాలి. తల కిందికి దించకూడదు, బట్టే చెంప దగ్గరికి రావాలి. రోజూ కాసేపు చేస్తే చాలు, చేతులు అలిసిపోయాక చేసేది తప్పు అలవాటుగా మిగులుతుంది. ఎవరూ లేని రోజు ఫోన్లో ఎప్పుడు మోగుతుందో తెలియని టైమర్ పెట్టుకోవచ్చు.

అమ్మాయికి ఒక్క విషయం చెప్పండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్కీట్ మిక్స్‌డ్ విభాగంలో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా కాంస్య పోరులో 43-44తో, ఒక్క క్లే తేడాతో ఓడిపోయారు. ఇక మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో టీమ్‌తో స్వర్ణం, విడిగా కాంస్యం గెలిచాడు. తెలుగు నేల మీద ఉండి ఈ ఆటలో పైకి రావచ్చా అన్న అనుమానం ఆమెకి అక్కర్లేదు.

ప్రశ్న: మా మిత్రులం కొందరం కలిసి క్లబ్ కోసం బ్యాటరీ మెషీన్ కొన్నాం. చలికాలం బాగా పనిచేసింది. ఎండాకాలం వచ్చేసరికి ఒకటి విసరాల్సిన చోట రెండు క్లేలు పడుతున్నాయి, కొన్ని మెషీన్ చేతి మీదే పగిలిపోతున్నాయి. అమ్మినవాళ్లు క్లేలదే తప్పంటున్నారు. స్ప్రింగుకి తుప్పు కూడా మొదలైంది. ఏం చేయాలి?
నరసాపురం నుంచి మిత్రబృందం

జవాబు: క్లేలది కొంత తప్పు ఉండొచ్చు, వాటిని ఉంచిన చోటుది ఎక్కువ. పిచ్ వేడికి మెత్తబడుతుంది. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే కింది పెట్టెలో క్లేలు అతుక్కుంటాయి, అంచులు వంగుతాయి. అతుక్కున్నవి రెండూ కలిసి జారతాయి, వంగినవి చేతి మీద సరిగ్గా కూర్చోక పగులుతాయి. పెంకుటింట్లోనో డాబాలో కింది గదిలోనో, నేలకి తగలకుండా చెక్కల మీద, తక్కువ ఎత్తులో పేర్చండి. నింపేముందు ప్రతి దొంతరనీ చేత్తో విడదీసి చూడండి. ఎండాకాలం ఉదయం పూట మాత్రమే వాడండి, మెషీన్‌లో నింపినవి ఎండలో వదిలేసి భోజనానికి వెళ్లకండి.

ఇవన్నీ చేసినా పగులుతుంటే కొలత చూడండి. అంతర్జాతీయ క్లే 110 మిల్లీమీటర్లు, అమెరికన్ క్లే 108. మెషీన్ ఒకదానికి సర్ది ఉండి మీరు రెండోది వాడుతుంటే రెండేసి పడడం, పగలడం మామూలే. సర్దుబాటు మరలు ఉంటే సరిచేయించుకోండి. అప్పటికీ తగ్గకపోతే విసిరే చేతి మీది రబ్బరు పట్టీ. క్లే ఆ పట్టీని ఒరుసుకుంటూ దొర్లడం వల్లే దానికి గిరగిరా తిరిగే వేగం వస్తుంది, ఆ వేగం వల్లే నిలకడగా ఎగురుతుంది. పట్టీ అరిగి నున్నబడితే క్లే ఊగిసలాడుతూ పోతుంది. మార్చడం తేలిక, చవక కూడా, కొన్నప్పుడే రెండు అదనంగా తీసుకోవాల్సింది, ఇప్పుడైనా తెప్పించుకోండి, దాంతోపాటు స్ప్రింగు ఒకటి.

తుప్పు మీ ఊళ్లో తప్పదు, ఉప్పుగాలి. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, స్ప్రింగుకి పల్చగా గ్రీజు, బ్యాటరీ కొనలకి వాజలీన్ రాయండి. గ్రీజు క్లే జారే చోట మాత్రం వద్దు, దానికి ఇసుక అంటుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. ప్లాస్టిక్ పట్టా బిగించి మూసేస్తే లోపల చెమ్మ నిలిచిపోతుంది, గాలి ఆడే గుడ్డ కప్పండి. తుప్పు పొరలు పొరలుగా లేచిందంటే ఆ స్ప్రింగుని గీకి మళ్లీ వాడకండి, బిగించి ఉన్నప్పుడు తెగితే పక్కనున్న మనిషికి గాయమవుతుంది, కొత్తదే వేయించండి. పాతది తీసేటప్పుడు బిగువు పూర్తిగా వదిలించారో లేదో ఇద్దరు చూసి నిర్ధారించుకున్నాకే స్పానర్ పెట్టండి.